మందు కన్నా ముందు పరీక్ష: ఇద్దరు ఆరోగ్య మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నేను కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారిని. డాక్టర్ని కాను. అయినా మా వీధిలోనో, బంధువుల్లోనో, నా దగ్గర చదువుకున్న పిల్లల ఇళ్లలోనో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే రిపోర్టుల కట్ట పట్టుకుని మా ఇంటికి వస్తారు. "సార్, ఇందులో ఏం రాశారో మాకు అర్థమయ్యేలా చెప్పండి" అంటారు. వైద్యం గురించి నేనేమీ చెప్పను, అది వాళ్ల డాక్టరు గారి పని. కాగితంలో ఉన్నది చదివి వినిపిస్తాను. అలా చదువుతూ ఉంటే చాలా కట్టల్లో ఒకే కాగితం లేకపోవడం కనిపిస్తోంది. ఆ లేని కాగితం గురించే ఈ లేఖ.

ముక్క పరీక్షలో, అంటే బయాప్సీలో, క్యాన్సర్ అని తేలుతుంది. అది ఏ రకం క్యాన్సరో కూడా రాస్తారు. ఆ కణాల లోపల ఏ సంకేతం చెడిపోవడం వల్ల గడ్డ పెరుగుతోందో చెప్పే పరీక్ష మాత్రం చాలామందికి జరగదు. జరిగినా ఆలస్యంగా, కుటుంబం అప్పు చేసి కట్టిన డబ్బుతో, కీమో సగం అయ్యాక జరుగుతుంది. మీ ఇద్దరినీ నేను కోరేది ఒక్కటే. ఏ క్యాన్సర్లలో ఆ ఫలితాన్ని బట్టి మందు మారుతుందో ఆ క్యాన్సర్లలో ఈ పరీక్షను చికిత్సలో భాగంగా గుర్తించండి. ముక్క తీసిన రోజే ప్రభుత్వ ఖర్చుతో అది మొదలయ్యేలా చూడండి.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్పాలంటే కణం సంగతి కొంత చెప్పక తప్పదు. ఓపిగ్గా చదవమని మనవి.

మన ఒంట్లో ఆరోగ్యంగా ఉన్న కణం తనకు తోచినప్పుడల్లా రెండుగా చీలదు. చీలమని బయటి నుంచి కబురు రావాలి. వేలు తెగిందనుకోండి, గాయం దగ్గర చేరిన రక్తకణాలు కొన్ని ప్రోటీన్లను విడుదల చేస్తాయి. అవి చుట్టుపక్కల కణాల పైపొరలో ఉండే గ్రాహకాలకు అతుక్కుంటాయి. అప్పుడు రెండేసి గ్రాహకాలు జతకడతాయి. కణం లోపలికి ఉన్న వాటి కొసలకు ఫాస్ఫేట్ తగులుకుంటుంది. దాన్ని చూసి రాస్ అనే ప్రోటీన్ మేలుకుంటుంది. రాస్ రాఫ్‌ను, రాఫ్ మెక్‌ను, మెక్ ఎర్క్‌ను లేపుతాయి. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్లి చీలడానికి కావలసిన జన్యువులను పనిలో పెట్టిస్తుంది. అదే గ్రాహకం నుంచి ఇంకో కబురు పీఐ3కే, ఏకేటీ అనే ప్రోటీన్ల మీదుగా వెళ్తుంది. చచ్చిపోకుండా బతికి ఉండమని దాని సారాంశం. ఇదంతా నిమిషాల్లో మొదలై, పని పూర్తి కాగానే ఆగిపోతుంది. తగిలించిన ఫాస్ఫేట్‌ను తీసేయడానికి వేరే ఎంజైములు ఉన్నాయి. గాయం మానాక చర్మం అక్కడితో పెరగడం ఆపేస్తుందంటే కారణం అదే.

ఫాస్ఫేట్‌ను తగిలించే ఎంజైములను కైనేజులంటారు. మనిషి జన్యువుల్లో ఇవి అయిదు వందలకు పైగా ఉన్నాయి. ఇవి తగిలించే ఫాస్ఫేట్ ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. సుబ్బారావు గారి పేరు చెప్పగానే మనవాళ్లకు మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు గుర్తొస్తుంది, అది న్యాయమే. ఫాస్ఫరస్‌ను కొలవడానికి ఫిస్కే, ఆయన కలిసి 1925లో ప్రచురించిన పద్ధతిని నేను ఏళ్ల తరబడి పిల్లల చేత ల్యాబులో చేయించాను. సంకేతాలను అడ్డుకునే ఈనాటి క్యాన్సర్ మాత్రల్లో ఎక్కువ భాగం కైనేజులో ఏటీపీ వచ్చి కూర్చునే చోటును ఆక్రమించి పనిచేసేవే. ఇంత దగ్గరి సంబంధం ఉన్న విజ్ఞానం ఆయన సొంత జిల్లాలోని పేద రోగికి అందడం లేదంటే నాకు బాధగా ఉంటుంది.

ఇక చెడిపోవడం సంగతి. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను బతిమాలింది. రైతు మీట నొక్కకపోయినా మోటారు తిరుగుతూ, భూమిలోని నీళ్లన్నీ తోడేస్తుందని భయం. చాలా క్యాన్సర్లలో కణానికి పట్టే తెగులు అలాంటిదే. బయటి నుంచి ఏ కబురూ రాకుండానే లోపలి కైనేజు పనిచేస్తూనే ఉంటుంది. చీలమన్న ఆజ్ఞ ఆగదు.

దీనికి అందరికన్నా ముందు దొరికిన సాక్ష్యం దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియా, డాక్టర్లు సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల తెల్ల రక్తకణాల్లో మామూలు కన్నా పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును చూశారు. అది ఎందుకు పొట్టిదయిందో తేల్చడానికి మరో పదమూడేళ్లు పట్టింది. 9వ, 22వ క్రోమోజోములు విరిగి ముక్కలు మార్చుకున్నాయని 1973లో షికాగోలో జానెట్ రౌలీ చూపించారు. అలా మార్చుకున్న చోట రెండు జన్యువులు అతుక్కుని బీసీఆర్-ఏబీఎల్ అనే ఒకే ప్రోటీన్ తయారవుతుంది. అందులో ఏబీఎల్ కైనేజు. అతుకు పడ్డాక దాన్ని ఆపేది లేదు.

తరవాత కథ వైద్య చరిత్రలో అరుదైనది. ఆరిగన్‌లో బ్రయన్ డ్రూకర్, మందుల కంపెనీలో నికలస్ లైడన్ కలిసి ఆ కైనేజును అడ్డుకునే ఇమాటినిబ్‌ను రోగుల దాకా తెచ్చారు. మొదటి ప్రయోగంలో తగిన మోతాదు తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలైంది. 2001 మేలో అమెరికా అనుమతి వచ్చింది. పదేళ్లకు పైగా వెంబడించి చూసిన అధ్యయనంలో ఇమాటినిబ్‌తో చికిత్స మొదలుపెట్టినవాళ్లలో 83 శాతం మంది పదేళ్ల తరవాతా బతికే ఉన్నారు. అంతకుముందు ఎముక మూలుగ మార్పిడి కుదిరినవాళ్లు తప్ప మిగతావాళ్లలో చాలామంది కొన్నేళ్లలోనే పోయేవారు. మన దేశంలో ఈ జబ్బు ముప్ఫై, నలభై ఏళ్ల వయసులోనే, సంపాదించే మనిషికే ఎక్కువగా వస్తుంది. ఆ మాత్ర ఒక్క రోగిని కాదు, ఒక ఇంటిని నిలబెట్టింది.

ఆ మాత్ర పేదవాడి దాకా రావడంలో మన హైదరాబాద్‌కు పాత్ర ఉంది. అసలు బ్రాండు నెలకు లక్ష రూపాయలకు పైన ఉన్న రోజుల్లో నాట్కో లాంటి కంపెనీలు అందులో పదో వంతుకే జెనెరిక్ తెచ్చాయి. పేటెంటు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013 ఏప్రిల్ 1న తీర్పు వచ్చింది. గుణం పెరగకుండా పాత పదార్థానికే కొత్త రూపం ఇచ్చి పేటెంటు అడగడం మన చట్టంలోని 3(డి) సెక్షన్ ప్రకారం చెల్లదని కోర్టు చెప్పింది. దానికి ఏడాది ముందు, 2012 మార్చి 9న, దేశంలో మొట్టమొదటి కంపల్సరీ లైసెన్సు (పేటెంటు ఉన్న మందును వేరే కంపెనీ తయారుచేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) కూడా నాట్కోకే దక్కింది. అది సొరాఫెనిబ్ కోసం. రాఫ్ కైనేజునూ, గడ్డకు కొత్త రక్తనాళాలు వేయించే సంకేతాన్నీ అడ్డుకునే మాత్ర అది. మూత్రపిండం, కాలేయం క్యాన్సర్లలో వాడతారు. నెలకు 2,80,428 రూపాయలున్న ధరను 8,880 రూపాయలకు దించారు. మందు ధర మీద ఈ నేల ఎంత పోరాడిందో గుర్తు చేయడానికే ఇదంతా రాస్తున్నాను. ఆ పోరాటం ఫలితం చేతికందాలంటే ఏ రోగికి ఏ మాత్ర అని తేల్చే పరీక్ష కూడా అంతే చవగ్గా, అంతే దగ్గరగా దొరకాలి.

సీఎంఎల్‌లో ఈ లంకె తేలిక, ఎందుకంటే ఆ జబ్బు ఉన్న ప్రతి మనిషిలోనూ ముఖ్యంగా చెడింది అదే. మిగతా క్యాన్సర్లు అలా లేవు. ఒకే పేరున్న క్యాన్సర్ ఇద్దరికి రెండు వేరు వేరు సంకేతాలు చెడి రావచ్చు. ఇక్కడే పరీక్ష లేకుండా మందు ఇవ్వడం ప్రమాదమవుతుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ తీసుకోండి. అందులో అడినోకార్సినోమా అనే రకంలో మన దేశంలో సుమారు నాలుగో వంతు మందికి ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకంలో మార్పు ఉంటుంది. ఈ మార్పు పొగ తాగనివాళ్లలో, ఆడవాళ్లలో ఎక్కువ. 2004లో ఈ మార్పును గుర్తించారు. 2009లో వెలువడిన ఐపాస్ అనే పెద్ద ప్రయోగం తూర్పు ఆసియా రోగులలో కీమోనూ, గెఫిటినిబ్ మాత్రనూ పోల్చి చూసింది. మార్పు ఉన్నవాళ్లలో మాత్ర వేసుకుంటే నూటికి 71 మందికి గడ్డ తగ్గింది, కీమోతో 47 మందికి. మార్పు లేనివాళ్లలో అదే మాత్రతో నూటికి ఒక్కరికి తగ్గింది, కీమోతో 23 మందికి. మంత్రివర్యులారా, ఈ నాలుగు అంకెలను మీ అధికారుల ముందు పెట్టండి. పరీక్ష చేయకుండా మాత్ర ఇస్తే, మార్పు లేని రోగికి పనిచేసే అవకాశమున్న కీమో పోతుంది. పరీక్ష చేయకుండా కీమో ఇస్తే, మార్పు ఉన్న రోగికి ఇంట్లో కూర్చుని వేసుకోదగ్గ మాత్ర పోతుంది. రెండు వైపులా నష్టం రోగిదే.

నా దగ్గరికి వచ్చిన కట్టల్లో ఒకటి గుర్తుంది. ఏనాడూ పొగ తాగని గృహిణి. దగ్గు తగ్గకపోతే, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే, టీబీ అనుకుని మందులు మొదలుపెట్టారు. నెలలు గడిచాయి, దగ్గు తగ్గలేదు. ముక్క తీస్తే అడినోకార్సినోమా అని వచ్చింది. కీమో మొదలైంది. ఆమె కొడుకు ఎవరో చెప్పగా విని, బయటి ల్యాబుకు ముక్క పంపి, తన డబ్బుతో పరీక్ష చేయించాడు. ఈజీఎఫ్ఆర్ జన్యువులో 19వ ఎక్సాన్ అనే భాగం దగ్గర చిన్న ముక్క ఎగిరిపోయిందని రిపోర్టు వచ్చింది. సరిగ్గా మాత్ర బాగా పనిచేసే రకం. అప్పటికి ఆమె లేచి నడిచే స్థితిలో లేదు. ఆ ఆసుపత్రినీ, ఆ డాక్టర్లనూ నేను తప్పు పట్టడం లేదు. క్యాన్సర్ రిపోర్టు వచ్చిన రోజే ఈ పరీక్ష దానంతట అది జరిగిపోయే ఏర్పాటు అక్కడ లేదు. అలాంటి ఏర్పాటు డాక్టర్లు చేయగలిగింది కాదు, ప్రభుత్వం చేయవలసింది.

రొమ్ము క్యాన్సర్‌లో ఇంకో రకం చిక్కు ఉంది. హెర్2 అనే గ్రాహకం మితిమీరి ఉంటే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ఇస్తారు. అమెరికాలో దానికి 1998లోనే అనుమతి వచ్చింది. ఇప్పుడు మన దేశంలోనే దాన్ని పోలిన బయోసిమిలర్లు తయారవుతున్నాయి. హెర్2 తేల్చడానికి మొదట స్లైడుకు రంగు వేసి చూస్తారు. 3+ అని వస్తే ఉన్నట్టు, సున్నా లేదా 1+ అని వస్తే ఈ ఇంజెక్షన్ పనిచేయనట్టు. 2+ అని వస్తే ఎటూ తేలనట్టు. అప్పుడు ఫిష్ అనే రెండో పరీక్ష చేయాలి. రిపోర్టు అడుగున "ఫిష్ చేయించవలెను" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం దగ్గర ఎన్ని కుటుంబాలు ఆగిపోయాయో! ఆ పరీక్ష తమ ఊళ్లో ఉండదు, దాని ఖర్చు ఎవరు పెట్టాలో తెలియదు. కొందరు దాన్ని చదవకుండానే వదిలేస్తారు. రొమ్ము క్యాన్సర్‌కు ప్రభుత్వ పథకంలో చికిత్స పొందే ఏ ఆడబిడ్డ రిపోర్టూ 2+ దగ్గర తేలకుండా మిగలకూడదు.

పెద్ద పేగు క్యాన్సర్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ పరీక్ష మందు ఇవ్వడానికి కాదు, ఇవ్వకుండా ఉండడానికి. సెటుక్సిమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ పైపొరలోని ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకుంటుంది. దాని కింద ఉన్న రాస్‌లోనే మార్పు ఉంటే పైన ఎంత అడ్డుకున్నా కబురు కిందనుంచి మొదలవుతుంది, ఇంజెక్షన్ దండగ. రాస్‌లో ఇలాంటి మార్పును మొదట పట్టుకున్నవారిలోనూ తెలుగు నేల మనిషి ఉన్నారు. ఉస్మానియాలో పరిశోధన చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, 1982లో మరియానో బార్బసిడ్ తదితరులతో కలిసి, మూత్రాశయ క్యాన్సర్ కణంలోని ఒక జన్యువుకూ మామూలు జన్యువుకూ తేడా ఒకే ఒక్క అక్షరమని చూపించారు. ఆ ఏడాదే మరి రెండు బృందాలూ అదే తేల్చాయి. ఒక్క అక్షరం తేడాతో రాస్ ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. దాన్ని తాకే మందు లేదని ముప్ఫై ఏళ్లకు పైగా అందరూ చేతులెత్తేశారు. 2013లో షోకాట్ అనే శాస్త్రవేత్త బృందం రాస్ మీద ఒక చిన్న గుంటను కనిపెట్టింది. 2021 మేలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కేరాస్ అనే రాస్‌లోని ఒక ప్రత్యేక మార్పుకు సొటొరాసిబ్ అమెరికాలో అనుమతి పొందింది. ఇంత ఖచ్చితమైన మందు వచ్చినా, ఆ మార్పు ఉందో లేదో చూడకుండా దాన్ని ఎవరికీ ఇవ్వలేరు.

సంకేతాలు గడ్డ పుట్టడంతో ఆగవు, గడ్డ ముదరడం కూడా వాటితోనే. టీజీఎఫ్-బీటా అనే సంకేతం మొదట్లో కణం పెరగకుండా ఆపేది. క్యాన్సర్ ముదిరాక అదే సంకేతం కణాలను పట్టు వదిలి కదిలిపోయేలా, పక్క అవయవాలకు పాకేలా చేస్తుంది. నేను చదువు చెప్పిన విషయాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. మందుకు లొంగిన కణాలు కూడా ఊరుకోవు. గెఫిటినిబ్‌కు బాగా తగ్గిన రోగికి ఏడాది అటూఇటూగా జబ్బు మళ్లీ పెరుగుతుంది. అలాంటివాళ్లలో సగానికి పైగా మందిలో అదే ఈజీఎఫ్ఆర్‌లో టీ790ఎం అనే కొత్త మార్పు కనిపిస్తుంది. దానికి 2015లో ఒసిమెర్టినిబ్ వచ్చింది. మరికొందరిలో కణం మెట్ అనే వేరే గ్రాహకంతో పని జరుపుకుంటుంది. అంటే ఒక్కసారి పరీక్ష చేసి ఊరుకుంటే సరిపోదు, జబ్బు తిరగబెట్టినప్పుడు మళ్లీ చూడాలి. కొన్నిసార్లు రక్తం తీసి చూసినా తెలుస్తుంది. 2024 జూలై బడ్జెట్‌లో కేంద్రం ఒసిమెర్టినిబ్‌తో పాటు మొత్తం మూడు క్యాన్సర్ మందులకు కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. మంచి పని. అందులో ఒసిమెర్టినిబ్ ఎవరికి అవసరమో ఈజీఎఫ్ఆర్ పరీక్షే చెబుతుంది.

మన రాష్ట్రాల క్యాన్సర్ భారమంతా ఈ మాత్రలతో తీరిపోతుందని నేను అనను. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో పుండ్లు వస్తాయి. గుట్కా, ఖైనీతో బుగ్గ క్యాన్సర్లు వస్తాయి. అక్కడ సంకేతాల మాత్రల పాత్ర చాలా చిన్నది. ఆ పొగాకు మాన్పించడం, నోరు చూపించుకునే అలవాటు చేయడం ముందు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో హెచ్‌పీవీ వైరస్ కణాన్ని అదుపులో ఉంచే పీ53, ఆర్‌బీ అనే రెండు ప్రోటీన్లను పనికిరాకుండా చేస్తుంది. దానికి టీకా ఉంది, అది ఆడపిల్లలకు ముందుగానే అందాలి. క్యాన్సర్ ఎముకలకు పాకి, నొప్పితో ఉన్న మనిషికి మార్ఫిన్ కావాలి. వీటిని తగ్గించి పరీక్షలు పెట్టమని అడగడం లేదు. సంకేతాన్ని బట్టి మందు మారే క్యాన్సర్లలో పరీక్షను వదిలేయవద్దని మాత్రమే అడుగుతున్నాను.

దీనికి కొత్త భవనాలు కట్టనక్కర లేదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జిల్లాల్లోని వైద్య కళాశాలల్లో ఆర్‌టీపీసీఆర్ ల్యాబులు పెట్టారు, సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. ఈజీఎఫ్ఆర్‌లో తరచూ కనిపించే మార్పులను పట్టే పరీక్ష, సీఎంఎల్‌లో బీసీఆర్-ఏబీఎల్‌ను కొలిచే పరీక్ష అలాంటి యంత్రాల మీదే జరుగుతాయి. కిట్లు వేరు, నాణ్యత చూసే మనుషులు అదనంగా కావాలి, అంతే. టీబీలో అయితే ఈ పద్ధతి ఎప్పుడో అలవాటైంది. కళ్లె నమూనాను ట్రూనాట్, సీబీనాట్ యంత్రంలో పెట్టి, రిఫాంపిసిన్ అనే మందుకు ఆ క్రిమి లొంగుతుందో లేదో చూసి, దాన్ని బట్టి మందు ఇస్తున్నారు. అదీ ఉచితంగా. సూక్ష్మజీవి జన్యువు చూసి మందు ఇవ్వడం ప్రభుత్వానికి చేతనైనప్పుడు క్యాన్సర్ కణం జన్యువు చూసి మందు ఇవ్వడం చేతకాకపోదు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, పంజాగుట్టలో నిమ్స్, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. కష్టమైన పరీక్షలను ఇలాంటి చోట్లకు చేర్చి, మిగతా జిల్లాల నుంచి, ముక్కను మైనంలో పొదిగిన బ్లాకులను అక్కడికి పంపే ఏర్పాటు చేయవచ్చు. మైనపు బ్లాకు మంచు పెట్టెలో వెళ్లాల్సిన వస్తువు కాదు, తపాలాలో కూడా వెళ్తుంది. ఎక్కువ నమూనాలు ఒకేచోట చేస్తే ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది. దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులు నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ పేరుతో కలిసి మందులు బేరమాడి కొన్న అనుభవం ఉంది. కిట్లను కూడా అలా కలిసి కొనమనండి. రెండు రాష్ట్రాలూ ఒకే బేరం ఆడితే మరీ మంచిది. రోగాల విషయంలో సరిహద్దు గొడవ ఎవరికీ లేదు కదా.

డబ్బు ఒక్కటే అడ్డంకి అనుకుంటే పొరపాటు. ముక్క పాడైపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఏమీ చెప్పలేదు. ముక్క తీసిన వెంటనే సరైన బఫర్ కలిపిన ఫార్మలిన్‌లో వేయాలి. ఆరు గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఉంచాలి. కొన్ని చోట్ల బఫర్ లేని ఫార్మలిన్ వాడతారు, సెలవులు వస్తే ముక్క రోజుల తరబడి సీసాలోనే ఉండిపోతుంది. డీఎన్ఏ చితికిపోతుంది. ఊపిరితిత్తుల నుంచి సూదితో తీసే ముక్క బియ్యపు గింజంత ఉంటుంది. మొదటి పరీక్షకే దాన్ని పొరలు పొరలుగా కోసి అయిపోగొడితే రెండో పరీక్షకు ఏమీ మిగలదు, మళ్లీ రోగి ఛాతీలో సూది గుచ్చాలి. అడినోకార్సినోమా అనుమానం రాగానే మొదటి కోతలోనే జన్యు పరీక్షకు కొన్ని పొరలు తీసిపెట్టాలని ప్రతి జిల్లా పాథాలజీ విభాగానికీ ఉత్తర్వు వెళ్లాలి. ఇది పైసా ఖర్చు లేని ఉత్తర్వు. బ్లాకు రోగిది. అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. రెండో అభిప్రాయం కోసం బ్లాకు అడిగిన కొడుకును కౌంటర్ల చుట్టూ వారాల తరబడి తిప్పడం నేను విన్నది ఒక్కసారి కాదు.

గడువు కూడా పెట్టండి. ముక్క ల్యాబుకు చేరిన పది పని దినాల్లో ఫలితం రావాలని 2013లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. మన పథకాల్లో చికిత్సకు ఆమోదం ఇచ్చే డెస్కు ఉంది. అదే డెస్కు పరీక్ష కోసం ఎన్ని రోజులు పట్టిందో కూడా లెక్క కట్టవచ్చు. రోగి ఒంటి పరిస్థితి బాగా లేక డాక్టరు కీమో ముందే మొదలుపెట్టాల్సి వస్తే మొదలుపెడతారు. అయినా పరీక్ష ఆగకూడదు.

మందు మొదలయ్యాక చేసే పరీక్షలకు కూడా ఇదే పద్ధతి ఉండాలి. ఇమాటినిబ్ వేసుకునే సీఎంఎల్ రోగికి మూడు నెలలకొకసారి బీసీఆర్-ఏబీఎల్ కొలవాలి. మూడు నెలలకు పది శాతంలోపు, ఆరు నెలలకు ఒక శాతంలోపు, ఏడాదికి 0.1 శాతంలోపు రావాలి. రాకపోతే మందు మార్చే ఆలోచన చేయాలి. ఒంట్లో బాగానే ఉందని మాత్రలు మానేసినవాళ్లు, బస్సు చార్జీలకు లేక నెల దాటేసినవాళ్లు నాకు తెలుసు. ఆ కైనేజు ఆగిపోలేదు, మాత్ర ఉన్నంతసేపు అడ్డుకుంటోందంతే. డాక్టరు పరీక్షలు చూసి ఆపమంటే తప్ప సొంతంగా మానకూడదని ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చెప్పగలిగితే అది మంచి డాక్టరు చేసే మేలుకు తక్కువేమీ కాదు.

ఖర్చెంత అని మీ ఆర్థిక శాఖ అడుగుతుంది. అడగాలి కూడా. ఆ లెక్క వేసేటప్పుడు పనిచేయని ఇంజెక్షన్లకు, పనిచేయని కీమో రౌండ్లకు పథకం ఇప్పుడు కడుతున్న డబ్బును కూడా పక్కన వేయమనండి. మార్పు లేని మనిషికి ఇచ్చిన మాత్రల డబ్బు, రాస్ చెడిన మనిషికి ఎక్కించిన సెటుక్సిమాబ్ డబ్బు వెనక్కి రాదు. రోగి పోగొట్టుకున్న నెలలు అసలే రావు. 2022లో మన దేశంలో కొత్తగా క్యాన్సర్ వచ్చినవాళ్లు 14 లక్షలకు పైగా ఉన్నారని, చనిపోయినవాళ్లు 9 లక్షలు దాటారని అంతర్జాతీయ అంచనా. వాళ్లలో ఎందరికి సరైన మాత్ర దొరికి ఉండేదో లెక్క కట్టాలన్నా ముందు పరీక్ష జరిగి ఉండాలి. ప్రభుత్వం నడిపే ఈ పరీక్షల ఫలితాలన్నీ పేర్లు తీసేసి ఒకచోట చేరిస్తే, మన జిల్లాల్లో ఏ మార్పులు ఎంతమందిలో ఉన్నాయో మన దగ్గరే తెలుస్తుంది. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. వాళ్లకు ఆ సమాచారం ఎంతో ఉపయోగపడుతుంది.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, కార్డు చూపించి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకోవచ్చంటే మొదట చాలామంది నమ్మలేదు. ఇప్పుడు అది రెండు రాష్ట్రాల్లోనూ ఎవరూ తీసేయలేని హక్కుగా నిలిచింది. పార్టీలు మారినా, పేర్లు మారినా పథకం ఆగలేదు. 2023లో దాని పరిమితిని రెండు రాష్ట్రాలూ పెంచాయి. అలాంటి పథకం నడిపే మీకు ఇది పెద్ద పని కాదు.

వచ్చే బడ్జెట్‌కు ముందే ఈ పని మొదలుపెట్టండి. ముందుగా నాలుగు క్యాన్సర్లతో ప్రారంభించండి: ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే మరో కైనేజు; రొమ్ము క్యాన్సర్‌కు హార్మోన్ గ్రాహకాలతో పాటు హెర్2, 2+ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఫిష్; పాకిన పెద్ద పేగు క్యాన్సర్‌కు రాస్; సీఎంఎల్‌కు మూడు నెలలకొకసారి బీసీఆర్-ఏబీఎల్. వీటి ఖర్చుకు రోగి జేబు నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని ఉత్తర్వు ఇవ్వండి. ఆ ఉత్తర్వు ప్రతిని ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి పాథాలజీ గది తలుపు మీద తెలుగులో అతికించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు